ఖాళీగా ఉండవలసిన వరుసలో బ్యాండు: ఒక పీసీఆర్ ల్యాబు, ఒక బయోటెక్నాలజీ ట్రైనీ

భీమవరం పరిసరాల్లోని ఒక ప్రైవేటు పీసీఆర్ ల్యాబుకు, అంటే రొయ్య పిల్లల్లో రోగం ఉందో లేదో డీఎన్ఏ ద్వారా చూసే ల్యాబుకు, నేను ఇన్‌ఛార్జిని. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి, హైదరాబాదులో ఒక టీకాల కంపెనీ నాణ్యత విభాగంలో రెండేళ్లు చేసి, తిరిగి డెల్టాకు వచ్చినవాణ్ణి. ఇక్కడ రాస్తున్నది మా ల్యాబులోనే, నా సంతకం కిందనే జరిగిన ఒక పొరపాటు గురించి, దాన్ని పట్టుకున్న ఒక బీఎస్సీ బయోటెక్నాలజీ అమ్మాయి గురించి. అప్పటికి ఆ అమ్మాయి చేరి మూడు వారాలు కూడా నిండలేదు. “బయోటెక్ చదివితే ఏం ఉద్యోగం వస్తుందండీ?” అని ప్రతి జూన్ నెలలోనూ ఎవరో ఒక తండ్రి మా ల్యాబు మెట్లెక్కి అడుగుతారు. నోటితో నేను చెప్పే జవాబు ఆయనకూ తృప్తినివ్వదు, నాకూ ఇవ్వదు. ఈ కేసు పూర్తిగా రాసి చూపిస్తే ఆ చదువు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చాలదో ఆయనే నిర్ణయించుకోగలరని ఈ పని పెట్టుకున్నాను. మనుషుల పేర్లు, హేచరీల (రొయ్య పిల్లలను పుట్టించి పెంచే కేంద్రాల) పేర్లు, కచ్చితమైన ఊళ్ల పేర్లు వదిలేశాను.

మా పని

డెల్టాలో రొయ్యల సాగు గురించి తెలియనివారికి కొంత నేపథ్యం చెప్పాలి. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను వైట్ స్పాట్ వైరస్ దెబ్బతీసిన తర్వాత ఈ ప్రాంతంలో చాలా చెరువులు ఏళ్ల తరబడి కోలుకోలేదు. 2009లో వెన్నామై రొయ్యకు దేశంలో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటి, తీరం వెంబడి ఉన్న హేచరీలకు చేరతాయి. అక్కడ పుట్టిన పిల్లలు పోస్ట్‌లార్వా అనే చిన్న రొయ్య దశకు చేరిన పది పన్నెండు రోజులకు ఆక్సిజన్ నింపిన సంచుల్లో రాత్రికి రాత్రి మన చెరువులకు వస్తాయి. తల్లులను ‘నిర్దిష్ట రోగకారకాలు లేనివి’ అని ధ్రువీకరించి తెస్తారు. దాన్ని రోగం రాని జాతి అని అర్థం చేసుకున్న రైతులు ఇప్పటికీ ఉన్నారు. తల్లి శుభ్రంగా ఉన్నా, హేచరీ నీటిలోనో, తల్లికి పెట్టే బతికున్న మేతలోనో రోగం ఉంటే పిల్లకు అంటుతుంది. అందుకే చెరువులో వదలకముందు సీడు (రొయ్య పిల్లల) నమూనాను మావంటి ల్యాబుకు పంపిస్తారు.

ఈ కేసుకు సంబంధించిన రోగం ఈహెచ్‌పీ. అది వైరస్సూ కాదు, బ్యాక్టీరియా కాదు. శిలీంధ్రాలకు దగ్గరి బంధువైన మైక్రోస్పోరిడియా వర్గానికి చెందిన సూక్ష్మజీవి. 2009లో థాయ్‌లాండ్ టైగర్ రొయ్యలలో దీన్ని గుర్తించి పేరు పెట్టారు. ఇది రొయ్య జీర్ణగ్రంథిలో స్థిరపడుతుంది. వైట్ స్పాట్ వచ్చిన చెరువు రోజుల్లో ఖాళీ అవుతుంది కాబట్టి రైతుకు నష్టం వెంటనే కళ్లకు కనబడుతుంది. ఈహెచ్‌పీ ఉన్న చెరువులో రొయ్య చావదు, మేత తింటూనే ఉంటుంది, కాని కౌంటు రాదు, అంటే రొయ్య ఎదగదు. ఒకే వలలో వేలెడంత రొయ్య, దానిలో సగం రొయ్య కలిసి పడుతుంటే రైతు మొదట మేతను అనుమానిస్తాడు, తర్వాత నీటిని, ఆఖరున సీడును. అప్పటికి మేత బిల్లు చేయి దాటిపోయి ఉంటుంది. దీనికి నమ్మదగిన మందు లేదు. చెరువు మట్టిలో మిగిలిపోయిన స్పోర్లు (ఆ జీవి విత్తనాల్లాంటి కణాలు) తర్వాతి పంటనూ పట్టుకుంటాయి. కాబట్టి సీడు దశలో మేమిచ్చే పాజిటివ్, నెగెటివ్ అన్న ఒక్క మాట మీద లక్షల రూపాయల నిర్ణయం జరిగిపోతుంది.

ఆ మాట వెనక ఉన్న పద్ధతిని కేసు అర్థం కావడానికి అవసరమైనంత వరకే చెబుతాను. కేరీ మల్లిస్ 1983లో ఊహించి, 1993లో నోబెల్ అందుకున్న పీసీఆర్ పద్ధతిలో, మనం వెతుకుతున్న డీఎన్ఏ ముక్క ఒక్కో సైకిల్‌కు రెట్టింపవుతుంది. ఒక్క ప్రతితో మొదలుపెట్టినా 30 సైకిళ్లు తిరిగేసరికి లెక్క ప్రకారం 107 కోట్లు దాటుతుంది. మేము అప్పట్లో ఈహెచ్‌పీకి వాడినది రెండంచెల నెస్టెడ్ పద్ధతి: మొదటి అంచెలో స్పోర్ గోడ ప్రొటీన్ జన్యువులో 514 బేస్ పెయిర్ల (డీఎన్ఏ పొడవును కొలిచే లెక్క) ముక్కను పెంచి, ఆ గొట్టాన్ని తెరిచి, అందులోంచి ఒక చుక్క తీసి, రెండవ అంచెలో దాని లోపలి 148 బేస్ పెయిర్ల ముక్కను మళ్లీ పెంచుతాం. చివరకు అగరోజ్ జెల్ మీద కరెంటు పంపితే ముక్కలు పొడవును బట్టి విడిపోయి, యూవీ వెలుగులో గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతనే బ్యాండు అంటాం. ప్రతి జెల్‌లోనూ రోగం ఉన్నట్టు ముందే తెలిసిన ఒక నమూనా, డీఎన్ఏ బదులు ఉత్త నీళ్లు వేసిన ఒక గొట్టం తప్పనిసరిగా ఉంటాయి. మొదటిదాన్ని పాజిటివ్ కంట్రోలు అని, రెండవదాన్ని ఎన్‌టీసీ (నో టెంప్లేట్ కంట్రోల్) అని అంటాం. ఈ నీళ్ల గొట్టం వరుస ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. నెస్టెడ్ పద్ధతికి ఉన్న బలమే దాని బలహీనత కూడా: కోట్ల ప్రతులున్న గొట్టం మూతను మధ్యలో తెరవక తప్పదు, తెరిచినప్పుడల్లా కంటికి కనిపించని తుంపర లేస్తుంది.

ట్రైనీ

ఆ అమ్మాయిది కోనసీమ. తండ్రి కౌలు రైతు. ఇంటర్‌లో బైపీసీ చదివి, నీట్‌లో సీటు రాక, ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని, రెండోసారీ రాక, ఇంటికి దగ్గరలో ఉన్న డిగ్రీ కాలేజీలో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ ఉన్న గ్రూపులో చేరింది. మన వైపు బయోటెక్నాలజీ తరగతుల్లో కూర్చునే పిల్లల్లో చాలామంది కథ ఇదే: కోరి ఎంచుకున్నవారు తక్కువ, డాక్టరు సీటు తప్పిపోయి వచ్చినవారు ఎక్కువ. దీన్ని చిన్నచూపుగా చెప్పడం లేదు. నేనూ ఆ దారినే వచ్చాను. కాని ఆ నిరాశతోనే మూడేళ్లూ గడిపేసే పిల్లలను ఇంటర్వ్యూలో మొదటి అయిదు నిమిషాల్లో గుర్తుపట్టవచ్చు. పుస్తకంలో ఉన్న పెద్ద మాటలన్నీ వస్తాయి, పైపెట్ (చుక్కలు కొలిచి తీసే పరికరం) చేతికిస్తే బొటనవేలు ఎక్కడ ఆగాలో తెలియదు.

ఈ అమ్మాయికి కూడా పైపెట్ పట్టడం గొప్పగా రాదు. వాళ్ల కాలేజీలో ఒకే పీసీఆర్ మిషను ఉండేదట. ఎంజైము ఖరీదు కాబట్టి సెమిస్టరుకు ఒక్కసారి, తరగతి మొత్తానికి కలిపి ఒక రియాక్షను పెట్టేవారు. మిగిలిన రోజుల్లో రంగునీళ్లు లోడ్ చేసి జెల్ నడిపేవారు. అయితే వాళ్ల లెక్చరరు ఒక అలవాటు చేశారు. ఏ ప్రాక్టికల్ మొదలుపెట్టే ముందైనా రికార్డులో ఎడమ పేజీని నిలువుగా రెండుగా విడగొట్టి, ఒక వైపు ‘రావలసినది’, రెండో వైపు ‘రాకూడనిది’ రాయాలి. రాస్తేనే బెంచీ దగ్గరకు రానిచ్చేవారు. ఇంటర్వ్యూలో ఆ రికార్డు చూసి, ఇదేదో పిల్లల చేత ఖాళీ పేజీలు నింపించే ఉపాయం అనుకున్నాను. ట్రైనీగా నెలకు 12 వేలకు తీసుకున్నాం. ఆ జీతం తక్కువేనని నాకు తెలుసు. బీఎస్సీ పూర్తిచేసి వచ్చినవారికి డెల్టా ల్యాబుల్లో మొదటి ఏడాది దొరికేది చాలాసార్లు ఆ మొత్తానికి దగ్గరలోనే ఉంటుందన్నది తల్లిదండ్రులు ముందే తెలుసుకోవలసిన విషయం.

ఆ వారం

మూడేళ్ల క్రితం మార్చి నెల, వేసవి పంట సీడు వదిలే రోజులు. ఆదివారం రాత్రి కరెంటు హెచ్చుతగ్గులకు జెల్ గదిలో ఏసీ కాలిపోయింది. మాకున్నవి రెండు గదులు: రియాజెంట్లు (పరీక్షకు వాడే ద్రావణాలు) కలిపే శుభ్రమైన గది ఒకటి, పెరిగిన డీఎన్ఏను తెరిచే జెల్ గది రెండోది. నమూనాలు, మనుషులు మొదటి గది నుంచి రెండో గదికి వెళ్లాలి తప్ప, వెనక్కి ఏదీ రాకూడదు. ఈ నియమం గోడ మీద రాసి ఉంది. సోమవారం మా సీనియర్ టెక్నీషియన్ జెల్ గదిలో ఉక్కపోతకు తట్టుకోలేక, మొదటి అంచె గొట్టాలను చల్లగా ఉన్న రియాజెంట్ గదికి తెచ్చి, అక్కడి బెంచీ మీద తెరిచి రెండవ అంచె పెట్టాడు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. అతణ్ణి తప్పుపట్టే హక్కు నాకు సగమే ఉంది, ఎందుకంటే జనవరి నుంచి ఖర్చు తగ్గించడానికి ఫిల్టర్ టిప్పులు (పైపెట్ కొసకు తొడిగే, వడపోత ఉన్న గొట్టాలు) మాన్పించి మామూలు టిప్పులు వాడమన్నది నేనే. ఫిల్టర్ లేని టిప్పుతో తుంపర నేరుగా పైపెట్ గొట్టంలోకి చేరుతుంది, అక్కడి నుంచి తర్వాత ముంచిన ప్రతి సీసాలోకీ వెళుతుంది.

మంగళవారం సాయంత్రం అయిదు సీడు నమూనాల్లో నాలుగు ఈహెచ్‌పీ పాజిటివ్ వచ్చాయి. నేను జెల్ ఫోటో ప్రింటు చూసి సంతకం చేశాను. రిపోర్టులు వెళ్లాయి. ఆకివీడు వైపు రైతు ఒకాయన అప్పటికే లారీ మాట్లాడుకున్న సీడును వద్దన్నాడు. ఒక హేచరీ మా కాగితం చూసి ఒక ట్యాంకు పిల్లలను క్లోరిన్ వేసి పారబోసింది. బుధ, గురువారాల్లో ఇంకో ఆరు నమూనాలు. అందులో అయిదు పాజిటివ్. పదకొండింట తొమ్మిది. అవి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు హేచరీల నుంచి వచ్చినవి. ఆ అంకె చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ ఏడాది రోగం ఎక్కువగా ఉందని బజారులో అనుకుంటున్న మాట నా చెవిలోనూ పడి ఉండటంతో, వచ్చిన ఫలితం ఆ మాటకు సరిపోయినట్టు తోచింది.

గురువారం సాయంత్రం జెల్ లోడ్ చేయడం నేర్పించడానికి ట్రైనీని కూర్చోబెట్టాం. ఫోటో తీశాక ఆ అమ్మాయి చాలాసేపు తెరను చూస్తూ ఉండిపోయింది. తర్వాత సీనియర్‌ను అడిగింది: “అన్నా, నీళ్ల వరుసలో సన్నగా ఏదో ఉంది కదా?” “ప్రైమర్ డైమర్ అమ్మా అది, మామూలే,” అన్నాడతను. ప్రైమర్లు, అంటే వెతికే ముక్క రెండు కొసలనూ పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలు, ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే చిన్న ముక్కల వల్ల నీళ్ల వరుస అడుగున మసక కనిపించడం నిజంగానే మామూలు. ఆ అమ్మాయి అక్కడితో ఆగకుండా నా గదికి వచ్చింది. “సార్, ప్రైమర్లు ఒక్కోటీ ఇరవై చిల్లర బేసులే కదండీ. రెండూ అతుక్కున్నా వంద కిందనే పరుగెత్తాలి, మసగ్గా ఉండాలి. ఇది వందకీ రెండొందలకీ మధ్యన, పాజిటివ్ కంట్రోలుకు సరిగ్గా ఎదురుగా ఉందండి. గీతలాగా ఉంది.” చేతిలో ఆమె నోట్‌బుక్కు ఉంది. ఎడమ పేజీలో ‘రాకూడనిది’ కింద పొద్దున్నే రాసుకున్న మొదటి వాక్యం: నీళ్ల వరుసలో 148 దగ్గర బ్యాండు.

వెంటనే మంగళవారం ఫోటో ఫైలు తెరిచి వెలుగు పెంచి చూశాను. అందులోనూ ఉంది, సన్నగా. ప్రింటులో కనిపించలేదు, నేనూ వెతకలేదు.

వెతుకులాట

ఆ రాత్రే రిపోర్టులన్నీ ఆపేశాం. కారణం వెతకడంలో మేము అనుసరించిన పద్ధతిని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వృత్తిలో జీతం అసలు దేనికి ఇస్తారో అక్కడే తెలుస్తుంది. కలుషితమైనది ఏదైనా కావచ్చు: నీళ్లు, ప్రైమర్లు, మాస్టర్ మిక్స్ (ఎంజైము వగైరా ముందే కలిపి ఉంచిన మిశ్రమం), పైపెట్, బెంచీ, చేతి తొడుగులు, చివరకు గాలి. అన్నీ ఒకేసారి పారేసి కొత్తవి తెస్తే సమస్య పోవచ్చు కాని, అది ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, తెలియకపోతే పది రోజుల్లో తిరిగి వస్తుంది. అందుకని పరిచయమున్న ఇంకో ల్యాబు నుంచి సీలు విప్పని రియాజెంట్ల సెట్టు, ఒక పైపెట్ అరువు తెచ్చుకున్నాం. నమూనా ఏదీ వేయకుండా అన్నీ ఉత్త నీళ్ల గొట్టాలే పెట్టాం. ఒక గొట్టంలో అంతా కొత్తదే. తర్వాతి ఒక్కో గొట్టంలో ఒక్కటి మాత్రమే మాది: ఒకదానిలో మా నీళ్లు, ఒకదానిలో మా ప్రైమర్లు, ఒకదానిలో మా మాస్టర్ మిక్స్, ఒకదానిని మా పైపెట్‌తో కలిపాం, ఒకదానిని మా బెంచీ మీద మూత తీసి పావుగంట ఉంచాం. ఒక్కోటీ మూడేసి చొప్పున. ఈ పట్టిక గీసింది ట్రైనీయే. ‘ఒకసారికి ఒక్క మార్పే’ అన్న సూత్రం ఏ బీఎస్సీ పుస్తకంలోనైనా మొదటి అధ్యాయంలో ఉంటుంది. పదేళ్లు రోజూ అదే కిట్టు, అదే గొట్టం అలవాటైన మాకు అది గుర్తు రావడానికి కొంత సమయం పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నానికి జెల్ వచ్చింది. అంతా కొత్తది వేసిన గొట్టాలు ఖాళీ. మా నీళ్లు వేసిన మూడింటిలోనూ గట్టి బ్యాండు. మా చిన్న పైపెట్‌తో కలిపిన మూడింటిలో రెండింట సన్నని బ్యాండు. ప్రైమర్లు, మాస్టర్ మిక్స్ శుభ్రం. బెంచీ మీద ఉంచిన మూడింటిలో ఒకటి అనుమానాస్పదం. అంటే తుంపర పైపెట్‌లోకి, పైపెట్ నుంచి నీళ్ల సీసాలోకి వెళ్లింది. ఆ నీళ్లే ప్రతి రియాక్షనులోనూ పడ్డాయి. అప్పుడు సీనియర్ టెక్నీషియన్ సోమవారం నాటి సంగతి తనంతట తానే చెప్పాడు. అతను చెప్పకపోయినా మాకు తెలిసేదే, కాని చెప్పడం వల్ల రెండు రోజులు కలిసొచ్చాయి. అతను ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు.

బెంచీలు, తలుపు గొళ్లేలు, ఫ్రిజ్ పిడి అన్నీ సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిచి, తర్వాత మంచినీళ్లతో తుడిచి, రాత్రంతా యూవీ దీపం వేశాం. స్పిరిట్‌తో తుడిస్తే సరిపోతుందని చాలా ల్యాబుల్లో అనుకుంటారు. స్పిరిట్ సూక్ష్మజీవిని చంపుతుంది గాని, డీఎన్ఏ ముక్కను నాశనం చేయదు. ఇక్కడ మా శత్రువు సూక్ష్మజీవి కాదు, ప్రాణం లేని డీఎన్ఏ ముక్క. పైపెట్లు విప్పి శుభ్రం చేశాం. నీళ్లు, రియాజెంట్లు కొత్తవి తెచ్చి, ఒక్కో రోజుకు సరిపడా చిన్న గొట్టాల్లో పంచి పెట్టాం. ఫిల్టర్ టిప్పులు తిరిగి వచ్చాయి. రెండు గదులకు రెండు రంగుల కోట్లు, రెండు రంగుల చెప్పులు పెట్టాం. డీఎన్ఏ తీసే దశ నుంచే ఒక ఖాళీ గొట్టం నమూనాలతో పాటు నడవాలని కొత్త నియమం పెట్టుకున్నాం.

మేము ప్రతి సీడు నమూనాలో సగం పిల్లలను 95 శాతం ఆల్కహాలులో దాచి ఉంచుతాం. ఆ పదకొండింటిని మళ్లీ మొదటి నుంచి పరీక్షించి, అవే నమూనాలను ఇంకో ల్యాబుకు కూడా పంపించాం. తొమ్మిది పాజిటివ్‌లలో నిజంగా ఈహెచ్‌పీ ఉన్నవి రెండే. మంగళవారం వెళ్లిన నాలుగు రిపోర్టుల్లో మూడు తప్పు. ట్యాంకు పారబోసిన హేచరీది ఆ మూడింటిలో ఒకటి.

వాళ్లకు ఫోను చేయడం నా ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని. సవరించిన రిపోర్టులు, తప్పు ఎలా జరిగిందో వివరిస్తూ ఒక ఉత్తరం పంపి, ఫీజులు వెనక్కి ఇచ్చాం. నష్టంతో పోలిస్తే ఆ ఫీజు ఏ మూలకూ రాదు. ఆకివీడు వైపు రైతు వేరే సీడు కోసం పన్నెండు రోజులు ఆగాడు. “మీ కాగితం చూసే కదండీ వద్దన్నాను,” అన్నాడు, అంతే. ఇంకో మాట అనలేదు. హేచరీ వాళ్లు నమూనాలు పంపడం మానేశారు.

చదువు ఇచ్చినదీ, ఇవ్వనిదీ

ఈ కేసు చెప్పినప్పుడు కొందరు ఆ అమ్మాయి తెలివైనది, అంతే కదా అంటారు. తెలివైనదే. కాని ఆ సాయంత్రం ఆమెకు అక్కరకు వచ్చినది తెలివి కన్నా ఎక్కువగా, చదువుకున్న మూడు సంగతులు: ప్రైమర్ పొడవు, ల్యాడర్ (జెల్ మీద ముక్కల పొడవు తెలిపే కొలబద్ద వరుస) చదవడం, కంట్రోలు ఎందుకుంటుందో తెలియడం. ఈ మూడూ బీఎస్సీ సిలబస్‌లో ఉన్నవే. మా సీనియర్‌కు చేతివాటం పదిరెట్లు ఎక్కువ, అతను డిగ్రీ చదివింది వేరే సబ్జెక్టులో. చేయి ఆరు నెలల్లో కుదురుతుంది. వచ్చిన ఫలితాన్ని అనుమానించడం ఉద్యోగంలో చేరాక నేర్పడం చాలా కష్టం, ఎందుకంటే ఉద్యోగంలో ప్రతి ఒత్తిడీ ఫలితం త్వరగా ఇవ్వమనే వైపే ఉంటుంది. కాలేజీలో ఖరీదైన మిషన్లు లేవని బాధపడే పిల్లలకు నేను చెప్పేది ఇదే: రంగునీళ్ల జెల్ నడిపిన కాలేజీ నుంచే ఆ అమ్మాయి వచ్చింది.

చదువు ఇవ్వనిదీ ఉంది. ఆమెకు గణాంకాలు బొత్తిగా రావు. పరీక్షకు 150 పిల్లలను ఎందుకు తీసుకుంటామో అడిగితే చెప్పలేకపోయింది. లెక్క సులువు: ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు రోగం ఉంటే, 150 తీసుకున్నప్పుడు వాటిలో కనీసం ఒక్కటైనా రోగమున్నది మన చేతికి రావడానికి 95 శాతం అవకాశం ఉంటుంది. రెండు శాతం కన్నా తక్కువ పిల్లలకే ఉంటే మన వలలో పడకపోయే అవకాశం పెరుగుతుంది. “నెగెటివ్ అని ఇచ్చారు కదండీ, మరి చెరువులో ఎలా వచ్చింది?” అని అడిగే రైతుకు ఈ లెక్క తెలుగులో, చెరువు గట్టు మీద నిలబడి చెప్పగలగాలి. నెగెటివ్ అన్న మాటకు ‘ఈ 150 పిల్లల్లో మాకు దొరకలేదు’ అని అర్థం. బయోటెక్ సిలబస్‌లో బయోస్టాటిస్టిక్స్ పేపరు ఉంటుంది. సూత్రాలు బట్టీ పట్టి పాసవుతారు. రిపోర్టు రాయడం కూడా అంతే: హైదరాబాదు టీకాల కంపెనీలో నేను మొదటి ఆరు నెలలు చేసినదంతా రాయడమే, ఏ సీసా ఎప్పుడు తెరిచాం, ఎవరు తెరిచారు, ఏ లాటు నంబరు. అప్పుడు విసుగనిపించింది. మా ల్యాబులో సోమవారం నాటి గది మార్పును ఎవరైనా రాసి ఉంటే ఈ కేసే లేదు.

ఆ తర్వాతి దారులు

ఆమె మా దగ్గర పద్నాలుగు నెలలు పనిచేసింది. ఆ కాలంలో ఆమె ముందు ఏ దారులున్నాయో మేమిద్దరం చాలాసార్లు మాట్లాడుకున్నాం.

ఒకటి, ఇక్కడే ఆక్వాలో ఎదగడం. కాకినాడ, ఉప్పాడ తీరంలో హేచరీలకు సొంత ల్యాబులున్నాయి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాకు పరీక్షలు చేసే మైక్రోబయాలజిస్టులు కావాలి. ఎగుమతికి వెళ్లే రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్ అవశేషాలు లేవని పట్టుబడికి ముందే తేల్చే ఎలైసా పరీక్షలు ఉన్నాయి. వీటన్నిటికీ బయోటెక్, మైక్రోబయాలజీ చదివినవారే పనికొస్తారు. ఇంకొక రకం ఉద్యోగం ఉంది, ప్రోబయాటిక్ డబ్బాలు చెరువు చెరువుకూ తిరిగి అమ్మడం. జీతం ల్యాబు కన్నా బాగుంటుంది, బండి, పెట్రోలు ఇస్తారు. డబ్బాలో ఏముందో తనకే తెలియకుండా రైతుకు చెప్పవలసి వస్తుంది కాబట్టి, నా దగ్గర పనిచేసినవారికి నేను దాన్ని సిఫారసు చేయను. ఇది నా అభిప్రాయం మాత్రమే. చేసి ఇల్లు కట్టినవారూ ఉన్నారు.

రెండవది హైదరాబాదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే మొదటి రీకాంబినెంట్ (జన్యువును మరో జీవిలో చేర్చి తయారుచేసే) హెపటైటిస్-బి టీకాను తెచ్చిన తర్వాత, బయోటెక్ అంటే టీకాలు అన్న భావన మన ఇళ్లలో స్థిరపడింది. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో నాణ్యత, ఉత్పత్తి విభాగాల్లో ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి, అయితే మంచి స్థానాలకు ఎమ్మెస్సీ లేదా బీటెక్ అడుగుతారు. బీటెక్ బయోటెక్నాలజీలో ఫర్మెంటర్లు, ప్రవాహాలు, ఉష్ణం వంటి ఇంజనీరింగ్ ఎక్కువ. బీఎస్సీలో జీవశాస్త్రం ఎక్కువ. రెండూ ఒకే పేరుతో ఉండటం వల్ల తల్లిదండ్రులు ఒకటే అనుకుంటారు. మెడికల్ కోడింగ్‌లోకి వెళ్లే బయోటెక్ పిల్లలు కూడా చాలామందే. అక్కడ పనికొచ్చేది చదివిన శరీరశాస్త్రం, ఇంగ్లిషు, అంతవరకే.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో ఒక హెచ్చరిక. నోటిఫికేషన్‌లో అర్హత పేరాను అక్షరం అక్షరం చదవాలి. మత్స్యశాఖ అధికారి పోస్టులు బీఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) వారిని దృష్టిలో ఉంచుకున్నవి, ఆసుపత్రి ల్యాబులు డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) వారిని అడుగుతాయి. జువాలజీ లెక్చరరు పోస్టుకు బయోటెక్ ఎమ్మెస్సీ సరిపోతుందనుకుని ఏళ్లు పోగొట్టుకున్నవారిని చూశాను.

మూడవది పరిశోధన. ఆమె మనసు అటే ఉండేది. ఆ మాట వచ్చినప్పుడు నేను ఆమెకు చెప్పిన ఉదాహరణ రొయ్యది కాదు, వరిది. మన మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతా పండుతోంది. కాని వరదలో రోజుల తరబడి మునిగితే కుళ్లిపోతుంది. ఎఫ్ఆర్ 13ఏ అనే పాత రకంలో నీట మునిగినా తట్టుకునే గుణాన్ని ఇచ్చే సబ్1ఏ జన్యువును గుర్తించి, డీఎన్ఏ మార్కర్ల సాయంతో ఆ భాగాన్ని స్వర్ణలోకి ఎక్కించారు. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశంలో విడుదలైంది. ప్రతి తరంలోనూ పెరిగిన మొక్కల్లోంచి కావలసిన మొక్కను ఎంచినది పీసీఆర్ బ్యాండు చూసే. “అయితే మేం రోజూ చేసే పనే కదండీ?” అంది ఆ అమ్మాయి. పని అదే, ప్రశ్న వేరు.

ఆమె కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతున్న ఎమ్మెస్సీ సీట్ల కోసం గ్యాట్-బి ప్రవేశ పరీక్ష రాసింది. ఆ సీట్లలో చేరినవారికి నెలకు 5 వేల స్టైపెండు ఉంటుంది. మొదటిసారి ర్యాంకు చాలలేదు. ఏపీ పీజీసెట్ ద్వారా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరింది. ఇంట్లో ఒప్పించడం పరీక్ష కన్నా కష్టమైంది. నెలకు వచ్చే జీతం మాని మళ్లీ చదువేమిటని తండ్రి ఒకరోజు ల్యాబుకు వచ్చారు. ఎమ్మెస్సీతో ఉద్యోగం ఖాయమని నేను ఆయనకు మాట ఇవ్వలేదు, ఇవ్వలేను. నా చేత సంతకం చేయించుకున్న తప్పుడు రిపోర్టులు మూడూ, వాటిని పట్టుకున్న నోట్‌బుక్కు పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, “మా అమ్మాయేనా అండీ ఇది రాసింది?” అని అడిగారు. “ఆయ్, మీ అమ్మాయేనండి,” అన్నాను. ఇప్పుడు ఆమె ఎమ్మెస్సీ పూర్తిచేసి పరిశోధన ఫెలోషిప్ పరీక్షలకు చదువుతోంది. మొదటి ప్రయత్నంలో అది కూడా రాలేదు.

మా ల్యాబులో ఈహెచ్‌పీకి ఇప్పుడు రియల్ టైమ్ పీసీఆర్ వాడుతున్నాం. గొట్టం మూత తెరవకుండానే ఫలితం తెరమీద గ్రాఫుగా వస్తుంది కాబట్టి పాత ప్రమాదం చాలావరకు తగ్గింది. కొన్ని పరీక్షలు ఇంకా జెల్ మీదనే చేస్తున్నాం. ట్యాంకు పారబోసిన హేచరీ అయిదు నెలల తర్వాత మళ్లీ నమూనాలు పంపింది, ఒక షరతు మీద: రిపోర్టుతో పాటు నీళ్ల వరుస స్పష్టంగా కనిపించే జెల్ ఫోటో, లేదా దాని గ్రాఫు జతచేయాలి. ఇప్పుడు అందరికీ అలాగే ఇస్తున్నాం. ఫోటో చేతిలో పట్టుకుని, “ఈ చివరి వరుసలో ఏమీ లేదేంటండీ?” అని అడిగే రైతులు అప్పుడప్పుడు వస్తున్నారు.